నలభై ఒక్క నొక్కులు

ధాన్యం గోదాముల్లో ఆవిడ అసలు పేరు జీతాల గుమస్తాకి తప్ప ఎవరికీ గుర్తు లేదు. అందరికీ కంట్రోలమ్మే. ఇరవై ఆరేళ్లుగా కంట్రోల్ రూమ్‌లో కూర్చుని, చెవులకి హెడ్‌ఫోన్ తగిలించుకుని, పన్నెండు సైలోల పైనా కిందా పనిచేసే మనుషులతో వాకీటాకీలో మాట్లాడడం ఆవిడ ఉద్యోగం. సైలో అంటే మరేం లేదు, ఎనిమిది అంతస్తుల ఎత్తున్న కాంక్రీటు గొట్టం. పైనుంచి గింజలు పోస్తారు. అడుగున తలుపు తీస్తే అవి బెల్టు మీద పడి లారీల దాకా వెళ్తాయి. ఎప్పుడు పోయాలి, ఎప్పుడు తీయాలి, ఎప్పుడు ఆపాలి, అన్నీ ఆవిడ నోటి మీదుగా నడవాల్సిందే.

ఆవిడవి పాముచెవులు. పాత వాకీటాకీ సెట్లలో మాట వెనక ఎప్పుడూ ఒక బుస ఉండేది. మనిషి దూరం వెళ్లేకొద్దీ బుస పెరిగేది, గోడ చాటుకి వెళ్తే మాట గరగరలాడేది. ఆ తేడాని బట్టే ఎవడు ఎక్కడ నక్కాడో చెప్పేసేది. “ఏడో నంబర్ వెనక నిలబడి సిగరెట్ కాలుస్తూ, తొమ్మిదో నంబర్ మీదున్నానని కోతలు కోస్తావేంట్రా?” అని అడిగితే అవతలివాడికి పొగ గొంతుకి అడ్డం పడేది. కొత్తగా చేరినవాళ్లు గదిలో ఎక్కడైనా కెమెరా ఉందేమోనని వెతికేవారు.

ఆ చెవులకి పరీక్ష పెట్టినవాడు ఒక్కడే, ఆవిడ మరిది. భర్తకి తమ్ముడు. అక్కడే సైలోలు శుభ్రం చేసే ముఠాకి మేస్త్రీ. గింజల దుమ్ములో రోజంతా ముక్కూ నోరూ మూసే ముసుగు పెట్టుకుని ఉంటాడు. మాట్లాడాలంటే ముసుగు తీయాలి, తీస్తే గుప్పెడు దుమ్ము మింగాలి. అందుకని మాట్లాడడం మానేసి సెట్టు మీది బటన్ నొక్కడం మొదలుపెట్టాడు. రెండుసార్లు నొక్కితే ‘విన్నాను’. మూడుసార్లు నొక్కితే ‘బెల్టు ఆపు’. అవతల హెడ్‌ఫోన్‌లో టిక్కు టిక్కుమని వినిపించేది. చూసి చూసి ముఠా అంతా అదే అలవాటు పట్టింది. రోజుకి ఎనిమిది గంటలు, చెవిలో చిన్న మేకులు కొడుతున్నట్టు ఆ టిక్కులు.

“నోరు లేదా నీకు? తెరిస్తే ముత్యాలు రాలిపోతాయా?” అని ఆవిడ కసురుకునేది.

టిక్కు టిక్కు.

“ఇంటికి రా, నీ పని చెప్తా.”

టిక్కు టిక్కు.

ఇంటి దగ్గరా అదే తంతు. పైన కంట్రోలమ్మ దంపతులు, కింద మరిదీ తోడికోడలూ. మధ్యలో ఇనప గొట్టం కటకటాలున్న మెట్లు. ఆవిడ పైనుంచి “కాఫీ అయింది, రండి!” అని కేకేస్తే, మరిది జవాబు చెప్పకుండా తాళంచెవితో ఆ గొట్టం మీద రెండుసార్లు కొట్టేవాడు. ఆవిడ తిట్టుకుంటూనే రెండు గ్లాసులు ఎక్కువ పోసేది.

ఇక ఈ సెట్లు తయారుచేసే ఏడు కంపెనీల సంగతి. ఒకప్పుడు ఏ కంపెనీ సెట్టు ఆ కంపెనీ సెట్టుతోనే మాట్లాడేది. లారీల వాళ్లది ఒక రకం, గోదాముది ఒక రకం, కూలీల గుత్తేదారుది ఇంకో రకం. కంట్రోలమ్మ బల్ల మీద మూడు సెట్లు వరసగా కూర్చుని ఒకదానికొకటి ఎడమొహం పెడమొహంగా ఉండేవి. పైగా గాలిలో ఛానళ్లు చాలడం లేదు, ఒక్కో ఛానల్ వెడల్పు తగ్గించుకోమని సర్కారు నుంచి ఒత్తిడి. డిజిటల్ సెట్లు ఉన్నాయి గాని, వాటి ధర వింటే టాక్సీలు నడిపేవాళ్లూ చిన్న మిల్లుల వాళ్లూ దండం పెట్టి వెనక్కి తిరిగేవారు. అప్పుడు, ఉప్పూ నిప్పూలా ఉండే ఏడు కంపెనీలు ఒక బల్ల దగ్గర చేరాయి. సన్నటి ఛానల్లో ఇమిడేలా, చవకలో వచ్చేలా, ఎవరి సెట్టుతో ఎవరైనా మాట్లాడేలా అందరికీ ఒకటే ప్రమాణం రాసుకుందామన్నాయి. ఏ ఒక్క కంపెనీ తల అడ్డంగా ఊపినా ఆ మాట ప్రమాణాల పుస్తకంలోకి ఎక్కదు. అది మంచి పనే, ఎవరూ కాదనరు. దాని మీద ఇప్పుడు ఎంత కోపం ఉన్నా కంట్రోలమ్మ కూడా కాదనదు.

ఆ ఏడు కంపెనీల సంఘానికి కార్యదర్శి ఒక ముసలి ఇంజనీరు, మెత్తటి మనిషి. వాడేవాళ్ల తరఫున కూడా ఒకరు ఉండాలని పట్టుబట్టి, పాముచెవుల సంగతి ఎక్కడో విని, కంట్రోలమ్మని పిలిపించాడు. ఇది ఏడేళ్ల కిందటి మాట. గోడలకి మెత్తలు కుట్టిన చిన్న గదిలో ఆవిడని కూర్చోబెట్టారు. పక్క గదిలోంచి ఒక కంపెనీ సెట్టులో వాక్యాలు చదివితే ఇంకో కంపెనీ సెట్టులో విని, ఎంత బాగా అర్థమైందో అయిదుకి మార్కులు వేయాలి. మిగతావాళ్లు ‘బాగుంది’ అన్నచోట ఆవిడ “ఇక్కడ స, శ ఒక్కలాగే ఉన్నాయండీ” అనేది. ఇంజనీర్లు వెనక్కి వెళ్లి సరిచేసేవారు. కోటు వేసుకున్నవాళ్లు తన మాట కోసం కాగితం పట్టుకుని నిలబడడం ఆవిడకి బతుకులో అదే మొదలు. ఆ మూడు రోజులూ కాళ్లు నేల మీద ఆనలేదు.

మూడో రోజు హాల్లో అందరూ భోజనాలకి లేవబోతుండగా కార్యదర్శి చిన్న ప్రశ్న వేశాడు. “అమ్మా, బటన్ అర సెకను కన్నా తక్కువసేపు నొక్కి, అందులో మాటేమీ లేకపోతే, దాన్ని పంపకుండా సెట్టు మింగేస్తే మీకేమైనా ఇబ్బందా? బ్యాటరీ మిగులుతుంది, ఛానల్ ఖాళీగా ఉంటుంది.”

ఆవిడకి మరిది గుర్తొచ్చి నవ్వొచ్చింది.

“మింగెయ్యమనండి సార్. మా మరిది పీడ విరగడవుతుంది.”

హాలంతా గొల్లుమంది. కార్యదర్శి నవ్వుతూనే రాసుకున్నాడు. కింద ఆవిడ సంతకం చేసింది.

కొత్త సెట్లు వచ్చాయి. బల్ల మీద మూడింటి బదులు ఒకటే. బుస పోయింది, గరగర పోయింది. మాట ఉంటే మాట, లేకపోతే కడిగిన పళ్లెంలాంటి నిశ్శబ్దం. మరిది మొదటి రోజే సణిగాడు. “వదినా, ఈ సెట్టులో రెండు నొక్కులు పోవట్లేదేంటి?”

“నోరు తెరవమని అర్థం.”

అలా చేయించింది తనేనని చెప్పలేదు. ఎప్పుడైనా కాఫీ తాగేటప్పుడు చెప్పి నవ్వించాలని దాచుకుంది. వాడికేమో వేళ్లకి పట్టిన అలవాటు పోలేదు. ముందు టిక్కుటిక్కుమని నొక్కి, ఆ తర్వాత గుర్తొచ్చి, ముసుగు లాగి “విన్నాను తల్లీ” అనేవాడు. ఆ మాట వెనక దగ్గు వినపడేది.

నాలుగేళ్లు అలాగే గడిచాయి. ఒక మధ్యాహ్నం నాలుగో సైలోలో మొక్కజొన్న గోడకి అట్టకట్టింది. పొడిచి రాల్చడానికి మరిది నడుముకి తాడు కట్టుకుని దిగాడు. పావుగంట పనే కదా అని కంట్రోల్‌కి చెప్పలేదు. రెండింటికి బెల్టు మొదలుపెట్టవచ్చా అని కిందవాళ్లు అడిగితే, పట్టికలో అంతా సరిగ్గానే ఉంది కాబట్టి ఆవిడ సరేనంది. అడుగున తలుపు తెరుచుకుంటే పైన గింజలు జారతాయి. మనిషి ఊబిలో దిగినట్టు దిగుతాడు. ఛాతీ దాకా వచ్చాక, ఊపిరి వదిలిన ప్రతిసారీ గింజలు ఆ కాస్త ఖాళీలోకీ చేరి బిగుస్తాయి. మాట రాదు. వాడి సెట్టు భుజానికి కట్టి ఉంది. వేలు మాత్రం ఆడింది.

కంట్రోల్ రూమ్‌లో ఆవిడ టీ తాగుతోంది. ఇవాళ ప్రాణానికి హాయిగా ఉంది, ఎవడూ విసిగించడం లేదు, అనుకుంది. ఆ మాట అనుకున్నట్టు ఆవిడకి బాగా గుర్తు. రెండూ పందొమ్మిదికి మామూలుగా అందర్నీ ఒకసారి పలకరిస్తూ వాడినీ పిలిచింది. “ఏమయ్యా, ఎక్కడున్నావు? నోరు లేదా?” జవాబు లేదు. మళ్లీ పిలిచింది. మూడోసారీ పలక్కపోయేసరికి బెల్టు ఆపించి మనుషుల్ని పరిగెత్తించింది. గింజల మీద తాడు ఒక్కటే కనిపించిందట.

సెట్టు బాగుచేసే మనిషి వచ్చి, వాడి సెట్టుకి తీగ తగిలించి, లోపల నమోదైన లెక్క చదివాడు. రెండూ ఏడు నుంచి రెండూ పందొమ్మిది దాకా బటన్ నలభై ఒక్కసారి నొక్కారు. మూడేసి చొప్పున పదమూడుసార్లు. చివర్న రెండు. అన్నీ అర సెకను లోపువే. “సెట్టులో దోషమేమీ లేదమ్మా. పుస్తకంలో ఎలా ఉందో అలాగే చేసింది,” అన్నాడతను. పుస్తకంలో అలా రాయించింది ఎవరో అతనికి తెలియదు. విచారణవాళ్లకీ తెలియదు. చెప్పకుండా దిగడం మరిది తప్పని తేల్చి, కాగితాలు మడిచి వెళ్లిపోయారు.

చివరి రెండు నొక్కులూ ఆవిడ “నోరు లేదా?” అన్న ఎనిమిది సెకన్లకి పడ్డాయి. మూడోది నొక్కే ఓపిక లేక ఆగిపోయిన ‘ఆపు’ అయినా అయి ఉండాలి. లేదా వదిన గొంతు విని, ఇరవై ఏళ్ల అలవాటు కొద్దీ ‘విన్నాను’ అని చెప్పి పోయి ఉండాలి. రెండింటిలో ఏదో తేల్చుకోలేక ఆవిడకి పిచ్చెక్కినట్టయ్యేది.

అప్పటినుంచి ఆ టిక్కులు ఆవిడని వదల్లేదు. కుళాయిలోంచి చుక్క పడితే టిక్కు. ట్యూబ్‌లైటు వెలిగితే టిక్కు. హెడ్‌ఫోన్ పెట్టుకుంటే ఆ కడిగిన నిశ్శబ్దంలో మూడు, మూడు, మూడు. ఉలిక్కిపడి “ఎవరది?” అని అడిగితే కుర్రాళ్లు మొహాలు చూసుకునేవారు. ఒకరోజు ఊరికే బెల్టు ఆపించేసింది. నాలుగో సైలో తలుపు తీయించి, లోపల ఎవరూ లేరని తన కళ్లతో చూసేదాకా కదలలేదు. ఇంట్లో భర్త పల్లెత్తు మాట అనలేదు. తోడికోడలు మాత్రం వారానికోసారి మెట్ల మీద కూర్చుని అదే ప్రశ్న అడిగేది.

“అక్కా, ఆ రోజు నీకు ఏమీ వినపడలేదా? ఇంత చప్పుడు కూడా?”

“లేదమ్మా.”

అది నిజమే. నిజం కాబట్టే ముల్లులా గుచ్చుకునేది. మిగతాది చెప్పడానికి నోరు పెగిలేది కాదు.

రెండేళ్లకి ఆ ఏడు కంపెనీలూ ప్రమాణానికి రెండో కూర్పు తేవడానికి మళ్లీ కూర్చుంటున్నాయని తెలిసింది. ఆవిడే కార్యదర్శికి ఉత్తరం రాసుకుంది, చిన్న నొక్కు మళ్లీ పంపేలా చేయాలని. ఎందుకో రాయలేదు. అది పుస్తకంలోకి ఎక్కితే తప్ప ఇంకొకడి వేలు అలా వృథాగా ఆడకుండా ఉండదు. అది ఎక్కకపోతే తను ఇక ఆ కుర్చీలో కూర్చోలేదు. అంత ఖాయంగా అనుకుని వెళ్లింది.

బల్ల దగ్గర ఒక కంపెనీ తరఫున కొత్త పెద్దమనిషి ఉన్నాడు. ఏ మాట వచ్చినా బ్యాటరీ దగ్గరికి లాక్కెళ్లే రకం. ఆవిడ మనసులో బ్యాటరీ పెద్దాయన అని పేరు పెట్టేసుకుంది. “ఇది ఎవరడిగారండీ?” అన్నాడాయన, పాత పుస్తకం తిరగేస్తూ. “వాడేవాళ్ల తరఫు మనిషే వద్దందని ఇక్కడ రాసుంది. సంతకం కూడా ఉంది. వాళ్లకే అక్కర్లేనిదానికి బ్యాటరీ ఎందుకు తగలెయ్యాలి?”

కార్యదర్శి ఆవిడ వైపు చూసి, వెంటనే తల దించుకున్నాడు. ఆ సంతకం నాదేనండీ అనాలి. అనలేకపోయింది. కార్యదర్శే కల్పించుకుని, ముందు పరీక్ష చేసి చూద్దామన్నాడు. చిన్న నొక్కు పంపేలా మార్చిన సెట్లు తెచ్చారు. అవతలి గదిలో నొక్కుతారు, ఇవతల ఆవిడ వినాలి. నలభై గళ్ల కాగితం. గడి నంబర్ ఎర్ర అంకెల్లో వెలిగినప్పుడల్లా వినపడితే ‘విన్నాను’, లేకపోతే ‘లేదు’.

మెత్తల గది అలాగే ఉంది. కుర్చీ కూడా అదే. అంకె వెలిగింది. టిక్కు. విన్నాను. టిక్కు. విన్నాను. ఆవిడ కళ్లలోంచి నీళ్లు కారుతూనే ఉన్నాయి, గళ్లు నిండుతూనే ఉన్నాయి. నలభైకి నలభై. పాముచెవులు ఇంకా చావలేదని గర్వంగా కాగితం అందించింది.

కార్యదర్శి దాన్ని తన పట్టికతో గడి గడికీ సరిచూశాడు. “అమ్మా… వీటిలో పది ఖాళీవి.”

“ఖాళీ అంటే?”

“ఏమీ నొక్కలేదమ్మా. వినేవాళ్లు ఊహించుకుంటున్నారేమో తెలియడానికి మధ్యలో అలా పెడతాం. మీరు ఆ పదీ కూడా విన్నానని రాశారు. ఈ కాగితం చెల్లదు.”

బ్యాటరీ పెద్దాయన గొంతు సవరించుకుని పుస్తకం మూయబోయాడు. ఆవిడకి ఒక్కసారిగా ఒళ్లు మండింది. ఆయన మీద, చెవుల మీద, ఆ రోజు నవ్విన హాలు మీద, అన్నిటికన్నా ఎక్కువ తన నోటి మీద.

“మూయకండి. ఆ సంతకం నాదే. మింగెయ్యమన్నది నేనే. మా మరిది పీడ విరగడవుతుందన్నాను. మీరంతా నవ్వారు కూడా. ఆయన మొక్కజొన్నలో కూరుకుపోయి నలభై ఒక్కసార్లు నొక్కాడు. నన్నే పిలిచాడు. సెట్టు మీరు చెప్పినట్టే, నేను చెప్పినట్టే, అన్నీ మింగేసింది. నేను టీ తాగుతూ కూర్చున్నాను.” ఆవిడకి ఊపిరి చాల్లేదు. “ఏమీ నొక్కకపోయినా నాకు వినపడుతుందంటున్నారు కదా. అవును సార్, రెండేళ్లుగా వినపడుతూనే ఉంది. నా చెవులు పనికిరావు, ఇంకెవర్నైనా కూర్చోబెట్టండి. నొక్కడం నేను నొక్కుతాను.”

కాసేపటికి కుర్చీ జరిగిన చప్పుడైంది. “నేను కూర్చుంటాను,” అన్నాడు బ్యాటరీ పెద్దాయన.

అవతలి గదిలో టేబులు మీద సెట్టు, ఎప్పుడెప్పుడు నొక్కాలో రాసిన పట్టిక. ఆవిడ పట్టికని బోర్లించింది. సెట్టుని బల్ల మీద ఉంచకుండా భుజానికి కట్టుకుంది, వాడు కట్టుకున్నట్టే. ఇరవై ఆరేళ్లూ వినడమే గాని, ఇటువైపు నుంచి నొక్కి ఎవరైనా వింటున్నారో లేదో తెలియకుండా కూర్చోవడం ఆవిడకి అదే మొదటిసారి. గోడలు మెత్తగా, దగ్గరగా ఉన్నాయి. మూడు నొక్కింది. ఆగింది. మూడు. ఆరో విడతకి వేలు నొప్పెట్టింది. పదో విడతకి, ఇన్నిసార్లు నొక్కినా వాడు ఇంకా నమ్మకంతోనే నొక్కాడన్నమాట, వదిన వింటుందని, అనిపించి ఏడుపు ఆగలేదు. పదమూడో విడత అయింది. రెండు నొక్కింది. వేలు బటన్ మీదే ఉంచి, నొక్కకుండా, తీసేసింది.

బ్యాటరీ పెద్దాయన తలుపు దగ్గరికి వచ్చాడు. చేతిలో కాగితం నిండా గీతలు. “నలభై ఒకటి విన్నానమ్మా,” అన్నాడు. తర్వాత ఇబ్బందిగా, “చివర రెండే వచ్చాయి. ఇంకోటి వస్తుందేమోనని చూస్తూ కూర్చున్నాను.”

“నేనూ ఇంకా చూస్తూనే ఉన్నానండీ,” అంది ఆవిడ.

సాయంత్రానికి ఏడు కంపెనీలూ సంతకాలు పెట్టాయి. చిన్న నొక్కుని ఇకనుంచి ఏ సెట్టూ మింగకూడదు.

మర్నాడు ఇంటికి చేరగానే, చేతిసంచి కింద పెట్టకుండానే, మెట్ల మీద కూర్చున్న తోడికోడలికి మొత్తం చెప్పేసింది. నలభై ఒకటీ, చివరి రెండూ, తన సంతకం, హాలులో నవ్వు, ఆ మాట. ఒక్క ముక్క మిగల్చలేదు. తోడికోడలు ఏడవలేదు, తిట్టలేదు. లేచి లోపలికి వెళ్లి గడియ పెట్టుకుంది. రెండు రోజులు ఆ తలుపు తెరుచుకోలేదు.

మూడో రోజు పొద్దున కంట్రోలమ్మ ఎప్పటిలాగే కాఫీ కలిపింది. పిలవాలా వద్దా అని మెట్ల దగ్గర చాలాసేపు తచ్చాడింది. చివరికి కటకటాల గొట్టం పట్టుకుని కిందికి వంగి, “కాఫీ అయింది… వస్తావా?” అంది.

కిందినుంచి టిక్కు టిక్కుమంది.

ఆవిడ కదల్లేదు. ఖాళీ గళ్లు పది, వాటిలో తను రాసిన ‘విన్నాను’లు పది, అన్నీ కళ్ల ముందు తిరిగాయి. ఈ చెవుల్ని ఇక నమ్మకూడదనుకుంది. కాని గొట్టం పట్టుకున్న చేతికి, ఆ చప్పుడుతో పాటే, ఇనుము రెండుసార్లు అదిరింది. ఆ అదురు ఇంకా వేళ్లలో ఉండగానే ఆవిడ లోపలికి పరిగెత్తి ఇంకో గ్లాసు తీసింది.